కప్పు మీద కోతి, ట్యాంకులో మనిషి

మా అమ్మమ్మది ఖానాపూర్ అవతల అడవి అంచున ఉన్న పల్లె. అక్కడి టేకుచెట్ల గురించి నేను కనబడిన ప్రతివాళ్లకూ చెప్పే ముచ్చట ఒకటుంది. మా తాత ఎడ్లబండి తోలుకొని అడవిలో పోతుంటే ముసురు పట్టిందట. బండిని ఒక టేకాకు కిందికి తోలి, ముసురు వెలిసేదాకా అక్కడే వండుకొని తిని, ఒంటి మీద చుక్క పడకుండా ఇంటికొచ్చాడట. ఎడ్లకు మాత్రం తోకలు తడిశాయట, అవి ఆకు అంచు దాటి బయటికున్నాయి గనక.

ఈ ముచ్చట విని అందరూ నవ్వేవాళ్లు. మా అన్న బిడ్డ కూడా నవ్వింది. కానీ ఆ పిల్ల ఇండ్లకు నక్షాలు గీసే చదువు చదివింది. నవ్వి ఊరుకోలేదు. వానాకాలంలో జైనూర్ గుట్టలకు పోయి, టేకుచెట్టు కింద తడుస్తూ నిలబడి, ఆకు మీద పడ్డ నీళ్లు ఎటు పోతున్నాయో చూసి వచ్చింది.

"అత్తా, నువ్వు జెప్పింది అబద్ధమే గని ఆకు అబద్ధం కాదు" అన్నది. "అంచుల మీద పడ్డ నీళ్లు సన్న ఈనెలకు వస్తయి. సన్న ఈనెలు నడిమి ఈనెకు తెస్తయి. ఆడికెళ్లి కొమ్మకు, కొమ్మకెళ్లి మానుకు, మానుకెళ్లి వేరుకు. మీ కప్పులు గట్లనే కడ్త."

అట్లా నా అబద్ధం మా ఇంటి ముందర మనిషి మునిగేంత గుంత తవ్వించింది.

మేం తొమ్మిది కుటుంబాల వాళ్లం బొగ్గుబాయి మనుషులం. బాయి అంటే మా దిక్కు గనే. మగవాళ్లు రిటైరయ్యాక కంపెనీ క్వార్టర్లు ఖాళీ చేయాలి. క్వార్టర్లో నల్లా తిప్పితే నీళ్లొచ్చేవి. మంచిర్యాల అవతల మేమంతా కలిసి కొన్న జాగాలో బోరు వేస్తే తెల్లటి దుమ్ము లేచింది తప్ప తడి లేదు. ట్యాంకరు కోసం బిందెలు వరసలో పెట్టి కొట్లాడుకునే వయసు కాదు మాది. అందుకని మా పిల్ల చెప్పినట్టే ఒక సందు, సందుకు అటూ ఇటూ తొమ్మిది ఇండ్లు కట్టుకున్నాం. ఒక్కో ఇంటి కప్పు నడుమ లోతుగా కాలువ, రెండు పక్కల నుంచి దాంట్లోకి దిగే సన్న గాడులు. పైనుంచి చూస్తే తొమ్మిది టేకాకులు ఆరబెట్టినట్టు ఉంటుంది. కాలువ నుంచి గొట్టం, గొట్టం కింద గులకరాళ్లు, కట్టెబొగ్గు, ఇసుక నింపిన తొట్టి. తొట్లన్నిటి నీళ్లూ సందు పొడుగునా నేల కింద పోయి ఒకే ట్యాంకులో పడతాయి. సందులో అన్నిటికంటే దిగువన ఉన్నది మా ఇల్లు. అందుకని ట్యాంకు మా వాకిలి కిందికొచ్చింది.

ఇంకొకటి చెప్పకపోతే తర్వాతి సంగతి అర్థం కాదు. "అడవిల మొదటి వాన నేలకు చేరది అత్తా, ఎండుటాకులే తాగుతయి" అని మా పిల్ల ప్రతి ఇంటికీ ఒక లావు గొట్టం నిలువునా పెట్టించింది. కప్పు మీది దుమ్ము, పిట్టల రెట్టలు కడిగిన మొదటి నీళ్లన్నీ అందులోకి పోతాయి. అది నిండగానే లోపలి బంతి తేలి మూతి మూసేస్తుంది. అప్పుడు మంచినీళ్లు ట్యాంకు దారి పడతాయి. గొట్టానికి అడుగున మర మూత ఉంటుంది. ఆ మూత తీసి ఉంచితే గొట్టం నిండదు. ఎంత వాన కొట్టినా ఆ ఇంటి నీళ్లు సందులోకి పోతాయి తప్ప ట్యాంకులోకి రావు.

మా ఆయన ఇదంతా చేతులు కట్టుకొని చూశాడు. తొట్టిలో కట్టెబొగ్గు పోస్తుంటే ఒక్క మాట అన్నాడు.

"ఇన్నేండ్లు నీళ్లల్లకెళ్లి బొగ్గు తీసినం. గిప్పుడు బొగ్గులకెళ్లి నీళ్లు తీస్తరా?"

అందరూ నవ్వారు. ఆయన నవ్వలేదు.

ఆయన బాయిలో టింబర్ పని చేసేవాడు. బొగ్గు తీసిన చోట పైకప్పు కూలకుండా కింద కట్టె గుంజలు నిలబెట్టి, సందున చెక్క చీలలు దిగ్గొట్టి బిగించే పని. అడుగు పెట్టే ముందు కర్రతో కప్పును కొట్టి చూస్తారు. గట్టిగా మోగితే మంచిది, డొల్లగా మోగితే వెనక్కి రావాలి. ఒకసారి పక్కన మూసేసిన పాత బాయిలో నిలిచిన నీళ్లు గోడ బద్దలు కొట్టుకొని వీళ్ల మీదికొచ్చాయి. ఆయనా, ఇంకొందరూ ఎక్కి వచ్చారు. ఆయన జోడీగా పనిచేసే మనిషి రాలేదు. దాని గురించి మెలకువలో ఎన్నడూ మాట్లాడలేదు. నిద్రలో మాత్రం అడుగుతాడు, "అందరు ఎక్కిండ్రా?" అని. ఊళ్లో ఎవరు ఏమడిగినా నా దగ్గర జవాబుంటుంది. దానికి మాత్రం లేక, నిద్రపోయినట్టు పడుకునేదాన్ని.

అట్లాంటి మనిషి ఇంటి ముందర, నేల కింద, చీకట్లో నీళ్లు నిలబెట్టాం.

నా భయం వేరు. నాకు ఆ ట్యాంకు చప్పుడంటేనే భయం. వాన వెలిసిన తర్వాత కూడా చాలాసేపు కింద ఏదో మింగుతున్నట్టు గుటుక్కుమనేది. సందులోని పిల్లలు మూత జోలికి రాకుండా ఉండాలని నేనే ఒక మొసలిని పుట్టించాను. ఇంజినీర్లు పాచి తినడానికి వదిలారనీ, కడెం ప్రాజెక్టు నుంచి సంచిలో తెచ్చారనీ చెప్పాను. చెప్పీ చెప్పీ, మూత పక్కనుంచి నడవాలంటే నాకే కాళ్లు ముడుచుకునేవి.

మొదటి ఏడాది ఏమీ కాలేదు. ఎండాకాలం నడిమిదాకా తొమ్మిదిండ్లూ ఆ నీళ్లే తాగాం. ఆ తర్వాత ట్యాంకు అడుగు కనబడింది. మిర్గం కార్తె వానలు మొదలయ్యేలోపల కడిగి పెట్టుకోవాలనుకున్నాం. మా ఆయన నిద్ర చెడింది అప్పుడే. ట్యాంకు ఖాళీ అయిన నాటి నుంచి కర్ర పట్టుకొని వాకిలంతా కొట్టుకుంటూ తిరిగేవాడు.

"డొల్లగ మోగుతుంది" అనేవాడు.

"ట్యాంకు డొల్లగ మోగక గట్టిగ మోగుతదా?" అనేదాన్ని.

"నీళ్లున్నన్ని రోజులు నీళ్లే మోసినయి. గిప్పుడు కింద ఏమున్నది? గీ రూఫ్ ఎవ్వడు మోస్తుండు?"

మా పిల్లకు ఫోన్ చేసి ఇచ్చాను. "మామా, ఆ స్లాబు మీద లారీ నిలబెట్టినా ఏం కాదు, ఫికర్ పడకు" అన్నది. ఆయన "సరే బిడ్డా" అని ఫోన్ పెట్టేశాడు. మర్నాడు ఎక్కణ్నుంచో నీలగిరి దుంగలు తెచ్చి ఇంటి వెనక పడేశాడు. పందిరికన్నాడు. నేను నమ్మాను. ఇంట్లో ఒకరు అబద్ధాలాడితే రెండోవారు ఆడరనుకునేదాన్ని.

ఆ రోజు మధ్యాహ్నం ఎండ నెత్తి మాడ్చేస్తోంది. రోహిణి కార్తె ఇంకా పోలేదు. కప్పు మీద మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. కొంచెం కునుకు తీసి లేచేసరికి వెలుతురు పసుపు పచ్చగా మారింది. గాలి ఆగిపోయింది. మిరపకాయలు ఎత్తుదామని కప్పెక్కాను. గోదారి దిక్కున ఆకాశం కాలిన పెనంలా ఉంది. కింద వాకిట్లో ట్యాంకు మూత తీసి ఉంది. మూత పక్కన మా ఆయన అంగీ మడతపెట్టి ఉంది. దాని మీద గడియారం. దాని పక్కన చెప్పులు. షిఫ్టుకు దిగేవాడు అట్లాగే పెట్టేవాడు.

కింద నుంచి ఠక్ ఠక్ మని సుత్తి చప్పుడు.

మిరపకాయలు వదిలేసి మెట్లు దిగాను. ఎన్ని దిగానో, ఎన్ని దూకానో తెలియదు. మూత దగ్గరికి పోయి బోర్లా పడుకొని తల లోపలికి పెట్టాను. వేడి గాలి, తడి సిమెంటు వాసన.

"ఏమయ్యా! ఏం జేస్తున్నవ్ లోపట?"

"ఒర్రకు. రూఫ్‌కు గుంజలు పెడ్తున్న."

"నీ గుంజలు మన్నుగాను! మబ్బు పట్టింది, ఎక్కు!"

"ఇంకొక్క చీల దిగ్గొట్టి ఎక్కుత."

"నిచ్చెన ఏది? నిచ్చెన కనవడ్తలేదు."

సుత్తి ఆగింది. ఆయన గొంతు వచ్చింది, తప్పు చేసిన పిల్లాడి గొంతులా.

"నిచ్చెనే అడ్డం పెట్టిన. గుంజల మీద దూలం లెక్క. మంచిగ కుదిరింది."

"మల్ల నువ్వెట్ల ఎక్కుతవయ్యా?"

నాకు అర్థమైంది. బాయిలో గుంజ నిలబెట్టినవాడు వెనక్కి తిరిగి నడిచి వస్తాడు. తలకాయ మీది కంతలోంచి ఎక్కి రావాల్సిన పని ఆ మనిషికి జన్మలో పడలేదు. కప్పు ఆగితే చాలనుకున్నాడు. తను బయటికి రావడం అనేది లెక్కలోకి రాలేదు.

"పీకు దాన్ని!" అన్నాను.

"పీకితే రూఫ్ వస్తది."

"రూఫ్ రాదు, వాన వస్తది! పీకు!"

లోపల గుంజులాడిన చప్పుడు వినబడింది. ఎన్నో ఏండ్లు చేసిన చెయ్యి కదా, బిగించింది బిగించినట్టే ఉంది. నిచ్చెన ఊడి రాలేదు. నేను చెయ్యి చాపాను. ఆయన చాపాడు. వేళ్లు అందలేదు.

అప్పుడు నా వీపు మీద మొదటి చినుకు పడింది. రూపాయి బిళ్లంత చినుకు. ఇది మాత్రం పెంచి చెప్పడం లేదు.

చినుకులు కప్పుల మీద పడి, గాడుల్లోకి జారి, గొట్టాల్లో గలగలమని దిగడం మొదలైంది. ఆ చప్పుడు లోపల ఆయనకు కూడా వినబడింది. "ఏమయ్యా" అని పిలిచాను. పలకలేదు. మళ్లీ పిలిచాను. కొంచెం వెలుగు పడిన చోట ఆయన చెయ్యి కనబడుతోంది. గుంజను పట్టుకొని ఉంది. కదలడం లేదు. నిచ్చెన తెచ్చినా ఎక్కేటట్టు లేడు, ముందు నీళ్లు ఆపాలి.

నాకు అప్పుడు పట్టిన వణుకు ఎట్లాంటిదంటే, నోట్లో పళ్లు ఒకదానికొకటి కొట్టుకుంటుంటే అది కూడా సుత్తి చప్పుడే అనుకున్నాను. తొమ్మిది కప్పుల నీళ్లు. లావు గొట్టాలు నిండేదాకానే గడువు. అవి నిండితే తొమ్మిది ఇండ్ల వాన ఒక్కసారిగా ఆ మనిషి మీద పడుతుంది. మా ఇంటి గొట్టం దగ్గరికి ఉరికి అడుగు మూత తిప్పేశాను. నల్లటి నీళ్లు నా కాళ్ల మీదుగా సందులోకి పోయాయి. ఒకటి. ఇంకా ఎనిమిది.

ఎదురింటి అక్క గడపలో కూర్చొని చేట ముందర పెట్టుకొని వానను చూస్తోంది.

"అక్కా, మీ గొట్టం మూత తియ్యి! మా ఆయన ట్యాంకుల ఉన్నడు!"

"మొసలితోనా?" అన్నది.

"అక్కా, నిజమే. నీ కాళ్లు మొక్కుత."

"పోయినసారి నీ కాళ్లు మొక్కుతనే అనుకుంట చిరుతపులి మీ ఇంట్ల చాయ తాగిందంటివి. మొదటి వాన సెల్లె, జర కూసోని సూడు, ఎంత సక్కగ పడ్తుందో."

ఆ క్షణంలో ఆమె మీద కోపం రాలేదు. భయం మాత్రం ఇంకో మెట్టు ఎక్కింది. నిజం చెప్తే ఇక్కడ కుదరదని తెలిసిపోయింది. ఇంకో ఏడు గడపల్లో నిలబడి ఏడుస్తూ నిజం చెప్పేంత టైము లేదు. ఏమి ఆలోచించానో తెలియదు, నోరే పని చేసింది.

"మల్ల మీ ఇష్టం. కప్పు మీద కోతి సచ్చి పడున్నది. కుళ్లి పురుగులు వడ్డయి. మా మిరపకాయలు ఎత్తవోయి సూసిన. ఏ ఇంటి కప్పో జర కండ్లు మసక, మీదో, పక్కదో."

చేట ఎగిరిపడింది. అక్క లేచిన వేగానికి చీర కుచ్చిళ్లు ఊడాయి.

"ఓ అవ్వా! మనం తాగే నీళ్లు! ఓ బిడ్డా, మూత తియ్యిండ్రే! కోతి! కప్పు మీద సచ్చిన కోతి!"

ఆ తర్వాత నేను చెయ్యాల్సింది ఏమీ లేకపోయింది. నా గొంతుకు లేని నమ్మకం ఆమె గొంతుకుంది. సందు పొడుగునా కేకలు పోయాయి. కోతి మూడో గడపకు పోయేసరికి రెండయింది. చివరి గడపకు పోయేసరికి ఒక ఆడకోతి, దాని పొట్టను కరుచుకున్న పిల్ల అయ్యాయి. తలుపులు తెరుచుకున్నాయి. ముసలివాళ్లు లుంగీలు ఎగగట్టి వానలోకి ఉరికారు. ఒక్కో గొట్టం అడుగునా మూతలు తిరిగి నీళ్లు సందులోకి దుమికాయి. పాదాలు మునిగే మురికినీళ్లలో నిలబడి నేను లెక్క చూసుకుంటున్నాను. మాదానితో కలిపి ఎనిమిది వచ్చాయి.

తొమ్మిదోది తాళం వేసి ఉంది. వాళ్ల కొడుకు దుబాయిలో పనిచేస్తాడు. కోడలు కాన్పుకని కరీంనగర్ పోతే ముసలిదంపతులూ పోయారు. గొట్టం గోడకు అవతల ఉంది. గోడ మీద గాజు పెంకులు ఉన్నాయి. ఎగిరాను, పట్టు దొరకలేదు. నేను చూస్తుండగానే లోపల గొట్టం చప్పుడు మారింది. గలగల పోయి గుబగుబ వచ్చింది. బంతి తేలి మూతి మూసుకుంది. ఆ ఒక్క ఇంటి వాన ట్యాంకు దారి పట్టింది.

మా వాకిట్లోకి ఉరికేసరికి ఎదురింటి అక్క నా వెంటే వచ్చింది.

"ఏ కప్పు మీదనే? మా ఆయన ఎక్కి సూసిండు, ఏం లేదట!"

ట్యాంకు మూతి చూపించాను. లోపల నీళ్లు పడుతున్న చప్పుడు. అక్క వంగి చూసి, పక్కన ఉన్న అంగీని, గడియారాన్ని, చెప్పుల్ని చూసి, నా మొఖం చూసింది.

"గిది నిజమేనానే?" అన్నది. ఆమె గొంతు గుసగుసలా వచ్చింది. మరుక్షణం సందు అదిరేట్టు అరిచింది. "నిచ్చెన తెండ్రి!"

ఇనుప నిచ్చెన దించారు. నేనే దిగాను. ఇంకెవరు దిగినా ఆయన చెయ్యి విడవడని నాకు తెలుసు. ఒక్కో మెట్టు దిగుతుంటే మొసలి గుర్తొచ్చింది. నేను పుట్టించిన మొసలే, అయినా కాలు నీళ్లలో పెట్టేముందు ఆగిపోయాను. పెట్టాను. పిక్కల దాకా నీళ్లు. గోడలోని గొట్టంలోంచి లావుగా దుముకుతూ మొఖం మీదికి చిందుతున్నాయి. ఆ చప్పుడు లోపల తిరిగి తిరిగి పది రెట్లు అవుతోంది. దాంట్లో నిలబడి నా గొంతు నాకే వినబడలేదు.

ఆయన గుంజను రెండు చేతులతో కౌగిలించుకొని, నుదురు దానికి ఆనించి ఉన్నాడు. వేళ్లు ఒక్కొక్కటీ విడదీయబోయాను. ఇనుము. నీళ్లు మోకాళ్ల కిందిదాకా పెరిగాయి. "పిల్ల ఫోన్ చేసింది" అన్నాను. "అన్నం సల్లారుతుంది" అన్నాను. తిట్టాను. ఏవేవో చెప్పాను. నా దగ్గరున్న అబద్ధాలన్నీ అయిపోయాయి. ఆయన నన్ను చూస్తున్నాడు గానీ చూస్తున్నది నన్ను కాదు.

"అందరు ఎక్కిండ్రా?" అన్నాడు.

మెలకువలో అడగడం అదే మొదలు. నీళ్లు మోకాలికి తగిలాయి. ఆనాడు బాయిలోంచి ఎక్కి రాని ఆ జోడీ మనిషి భార్య ఇప్పటికీ పెద్దపండుగకు మాకు సకినాలు పంపుతుంది.

"అందరు ఎక్కిండ్రు" అన్నాను. "నువ్వొక్కనివే ఉన్నవు. రా, పోదాం."

గుంజ మీది చేతులు వదులయ్యాయి.

పైకి వచ్చాక ఆయనను గోడకు ఆనించి కూర్చోబెట్టారు. ఎవరో చాయ తెచ్చారు. ఆయన తాగలేదు, గ్లాసు వెచ్చదనానికి పట్టుకొని కూర్చున్నాడు. ఎదురింటి అక్క తన కొంగుతో నా తల తుడిచింది. తుడుస్తూనే అన్నది:

"మరి కోతి?"

"లేసి పోయినట్టున్నది" అన్నాను.

"పాపపుదానా, మొదటి వానంత మోరి పాల్జేస్తివి" అని వీపు మీద ఒక్కటి వేసి, ఏడ్చింది.

మా పిల్ల రెండు బస్సులు మారి వచ్చింది. వచ్చి మామ పక్కన కూర్చుంది. గుంజలను తట్టి చూసి, "మామా, మస్తు బిగించినవ్" అన్నది. వాటిని తీయమని ఆయనకు చెప్పలేదు, కట్టె నీళ్లలో కుళ్లుతుందని మాత్రం చెప్పింది. ఆయనే దిగి, చీలలు తట్టి ఊడదీసి, ఒక్కొక్కటే పైకి అందించాడు. ఆ తర్వాత ట్యాంకు గోడకు ఇనుప మెట్లు వచ్చాయి. నీళ్లు వచ్చే దారికి, వాకిట్లోనే చేతికందేలా, చక్రం లాంటి మూత వచ్చింది. "గిది మొదలే పెట్టాల్సింది అత్తా, నాకు తోచలే" అని మా పిల్ల దాన్ని తనే బిగించింది. మా ఆయన రోజూ పొద్దున దాన్ని ఒకసారి మూసి, ఒకసారి తెరిచి చూస్తాడు.

ఆ ఏడు మిర్గం మంచిగా కురిసింది. ట్యాంకు నిండింది. గుంజలు వెనక పెరట్లో పందిరయ్యాయి. మొసలి గురించి ఇప్పుడు పిల్లలు నన్ను అడగరు, వాళ్లే కొత్తగా వచ్చినవాళ్లకు చెప్తారు.

నిద్రలో ఆయన అడగడం ఆగలేదు. నేను మాత్రం నిద్ర నటించడం మానేశాను. "అందరు ఎక్కిండ్రు, పండుకో" అంటాను. ఆయన అటు తిరిగి పడుకుంటాడు. వాకిలి కింద నీళ్లు గుటుక్కుమంటాయి. నేను దుప్పట్లోకి కాళ్లు ముడుచుకుంటాను.